క్రిస్మస్ బిళ్ళను ఇచ్చిన తపాలా గుమాస్తా: ఐనార్ హోల్బోల్

మదనపల్లెలో చదువుకున్న మనందరికీ ఆరోగ్యవరం తెలుసు. పుంగనూరు, కుప్పం హాస్టళ్ళ మిత్రులకు కూడా ఆ పేరు కొత్త కాదు. పెద్దవాళ్ళు దాన్ని శానిటోరియం అనే అంటారు. 1912లో మదనపల్లెలో తాత్కాలికంగా మొదలై, 1915లో ఊరి బయట సొంత భవనాల్లోకి మారిన ఆ క్షయ ఆసుపత్రిని నిలబెట్టిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. ఆయనది డెన్మార్క్ దేశం. అదే దేశంలో, అదే కాలంలో, అదే జబ్బు మీద ఇంకొకాయన పోరాడారు. ఆయన డాక్టరు కాదు, ధనవంతుడూ కాదు. పోస్టాఫీసులో ఉద్యోగి. ఆయన పేరు ఐనార్ హోల్బోల్. మన వార్షికోత్సవ సంచిక డిసెంబరుకు దగ్గరగా వస్తోంది కాబట్టి ఆయన జీవితాన్ని మన హాస్టల్ మిత్రులకు చెప్పాలనుకున్నాం.

హోల్బోల్ 1865 డిసెంబరు 24న, సరిగ్గా క్రిస్మస్ ముందురోజు, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పుట్టారు. తండ్రి నౌకాదళంలో అధికారి. హోల్బోల్ మాత్రం తపాలా శాఖలో కుదురుకున్నారు. ఆ రోజుల్లో ఫోన్లు కొద్దిమందికే ఉండేవి. పండగ వస్తే చుట్టాలకూ స్నేహితులకూ శుభాకాంక్షలు చెప్పుకోవడానికి ఉత్తరాలు, కార్డులే దిక్కు. డిసెంబరు వచ్చిందంటే పోస్టాఫీసులో వాటి గుట్టలు పేరుకునేవి. ఊరి పేరు చూసి వేరు చేయడం, ముద్ర వేయడం, సంచుల్లో కట్టడం తపాలా ఉద్యోగుల పని. ఎవరి సంతోషమో ఎవరికో చేర్చడమే తప్ప అందులో వాళ్ళకు మిగిలేది చేతినొప్పి.

అప్పట్లో యూరప్ అంతటా క్షయ జబ్బు మనుషులను పొట్టన పెట్టుకుంటోంది. 1882లోనే రాబర్ట్ కాక్ ఆ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టారు. కానీ దాన్ని చంపే మందు ఇంకా రాలేదు. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇదే వైద్యం. అంటే డబ్బున్నవాళ్ళకే వైద్యం. ఇరుకు గదుల్లో ఉండే పేద పిల్లలకు మంచం ఎవరిస్తారు? పాలు, గుడ్లు ఎవరు పెడతారు?

1903 డిసెంబరులో ఉత్తరాల గుట్టల మధ్య పని చేస్తున్నప్పుడు హోల్బోల్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఈ కార్డుల్లో ప్రతి దాని మీదా మామూలు తపాలా బిళ్ళతో పాటు ఇంకొక చిన్న బొమ్మ బిళ్ళ అంటిస్తే? ఆ బిళ్ళకు తపాలా విలువ ఉండదు. అది అంటించినా అంటించకపోయినా ఉత్తరం చేరుతుంది. ఇష్టమున్నవాళ్ళే కొంటారు. ధర ఎవరికీ బరువు కానంత తక్కువ. వచ్చిన డబ్బు క్షయ సోకిన పిల్లలకు. ఆలోచన చిన్నదే. గొప్పదనమంతా లెక్కలో ఉంది. ఒక్కరు వెయ్యి ఇవ్వడం కష్టం, వెయ్యిమంది ఒక్కొక్కటి ఇవ్వడం సులభం.

ఆలోచన రావడం ఒక ఎత్తు, దాన్ని నడిపించడం ఒక ఎత్తు. హోల్బోల్ తోటి ఉద్యోగులకు చెప్పారు, పైవాళ్ళను ఒప్పించారు. ఒక కమిటీ ఏర్పడింది. డెన్మార్క్ రాజు తొమ్మిదో క్రిస్టియన్ అనుమతి ఇచ్చారు. 1898లో చనిపోయిన లూయీస్ రాణి బొమ్మతో 1904 క్రిస్మస్‌కు మొదటి బిళ్ళ వచ్చింది. ప్రపంచంలోనే అది మొదటి క్రిస్మస్ బిళ్ళ. ధర రెండు ఓరెలు. మనకు రూపాయికి పైసలు ఎలాగో వాళ్ళ క్రోనుకు ఓరెలు అలాగ. ఆ మొదటి ఏడాదే నలభై లక్షలకు పైగా బిళ్ళలు అమ్ముడయ్యాయి. అంటే రెండేసి ఓరెల చొప్పున ఎనభై వేల క్రోన్లకు పైమాటే! పొరుగు దేశం స్వీడన్ కూడా ఆ ఏడాదే తన బిళ్ళ తెచ్చింది.

ఆ డబ్బు ఏమైందని మీరు అడగవచ్చు. డెన్మార్క్‌లో కోల్డింగ్ అనే ఊరి దగ్గర, సముద్రపు పాయ ఒడ్డున, పిల్లల కోసం పెద్ద క్షయ ఆసుపత్రి కట్టారు. 1911 నాటికి అది సిద్ధమైంది. బిళ్ళ అంటించిన ప్రతి ఇంటికీ ఆ గోడల్లో ఒక ఇటుక ఉందన్నమాట. మన ఆరోగ్యవరం మొదలైంది ఆ మరుసటి ఏడాదే.

బిళ్ళ డెన్మార్క్‌తో ఆగలేదు. అమెరికాలో స్థిరపడిన జేకబ్ రీస్ అనే పత్రికా రచయితకు స్వదేశం నుంచి వచ్చిన ఉత్తరం మీద ఈ బిళ్ళ కనిపించింది. ఆయన సొంత అన్నదమ్ములనే క్షయ మింగేసింది. ఆ బిళ్ళ గురించి ఆయన 1907లో వ్యాసం రాశారు. అది చదివిన ఎమిలీ బిస్సెల్ అనే ఆమె, తమ ప్రాంతంలో మూతపడే స్థితిలో ఉన్న చిన్న క్షయ ఆసుపత్రికి మూడు వందల డాలర్లు కావాలని, తన చేత్తోనే ఒక బిళ్ళ బొమ్మ గీశారు. ఆకుల దండ, మధ్యలో క్రిస్మస్ శుభాకాంక్షలు, అంతే. ఒక్కో సెంటుకు అమ్మితే మూడు వేల డాలర్ల దాకా వచ్చాయి. చేత్తో గీసిన బొమ్మకు అంత శక్తి ఉందని అప్పుడు తెలిసింది.

డెన్మార్క్‌లో బిళ్ళ ఏటేటా కొత్త బొమ్మతో వస్తూనే ఉంది. పేరున్న చిత్రకారులు వేశారు. తర్వాత రాణి అయిన మార్గరెత కూడా 1970లో యువరాణిగా ఉన్నప్పుడు ఒక ఏడాది బిళ్ళకు బొమ్మ వేశారు.

హోల్బోల్ పోస్ట్‌మాస్టర్ అయ్యారు. బిళ్ళతో పేరు వచ్చింది కానీ తపాలా పని వదలలేదు. 1927 ఫిబ్రవరి 23న, అరవై ఒకటో ఏట కన్నుమూశారు. జీవితమంతా బిళ్ళల మధ్య గడిపిన ఆయన బొమ్మతోనే 1955లో బెల్జియం దేశం తపాలా బిళ్ళ వేసింది. ఇంతకంటే తగిన గౌరవం ఏముంటుంది!

ఆ బిళ్ళ మన దేశానికీ వచ్చింది. భారత క్షయ నివారణ సంఘం 1950 నుంచి టి.బి. సీళ్ళు అమ్మడం మొదలుపెట్టింది. గాంధీ జయంతి నాడు ఆ కార్యక్రమం మొదలవుతుంది. మన పాత విద్యార్థుల్లో చాలామంది బడిలో ఆ సీళ్ళు కొని నోటుపుస్తకం అట్ట మీద అంటించుకున్నవాళ్ళే. అవి ఎందుకు అమ్ముతున్నారో అప్పుడు మనలో ఎంతమందికి తెలుసు? అంతకు రెండేళ్ళ ముందు, 1948లో, మన దేశంలో బి.సి.జి. టీకాలు మొదలైన చోట్లలో మన మదనపల్లె ఒకటి. ఇది మనం గర్వపడాల్సిన సంగతి.

తర్వాత స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు వచ్చాయి. ఇంట్లోనే ఉండి మందులు వాడినా జబ్బు తగ్గుతుందని మద్రాసులో జరిగిన పరిశోధన 1959లో నిరూపించింది. శానిటోరియం మంచాల అవసరం తగ్గింది. కోల్డింగ్ భవనం ఇప్పుడు హోటల్. కానీ డెన్మార్క్‌లో బిళ్ళ ఆగిపోలేదు. ఆ డబ్బుతో నడిచే ఇళ్ళలో ఇప్పుడు ఒంటరితనంతో, తోటివాళ్ళ వేధింపులతో కుంగిపోయిన పిల్లలను కొన్ని వారాలు ఉంచుకుని ధైర్యం నింపి పంపుతున్నారు. హాస్టల్లో చేరిన మొదటి నెలలో దుప్పటి కప్పుకుని ఏడ్చినవాళ్ళం మనం. ఆ పిల్లల బాధ మనకు ఒకరు చెప్పాలా?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మాతో ఉన్న ఒక మిత్రుడికి టి.బి. అని తెలిసినప్పుడు అతని గ్లాసు ముట్టుకోవడానికి భయపడ్డాం. పక్క మంచం ఖాళీ చేశాం. అతను ఏమీ అనకుండా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ ఏడాది పరీక్ష రాయలేదు. గ్లాసుల వల్ల, కంచాల వల్ల టి.బి. రాదని, దగ్గినప్పుడు గాలి ద్వారా సోకుతుందని, సరైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఇతరులకు అంటించే ప్రమాదం బాగా తగ్గుతుందని మాకు తర్వాత తెలిసింది. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే దాచుకోవద్దు. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. సాధారణంగా ఆరు నెలలు, ఒక్క రోజూ మానకుండా వాడాలి. పోషకాహారానికి ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చింది, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది.

మిత్రులారా, మనం తీసుకునేవాళ్ళం అని అందరూ అనుకుంటారు. దుప్పటి, పెట్టె, కంచం, పుస్తకాలు అన్నీ ఎవరో ఇస్తేనే మనకు వచ్చాయి. అందుకే హోల్బోల్ మనకు నచ్చారు. రెండు ఓరెల బిళ్ళతో ఆయన పేదవాడిని కూడా ఇచ్చేవాడిని చేశారు. ఈ డిసెంబరులో మనమూ అగ్గిపెట్టె అంత కాగితం మీద చేత్తో బొమ్మలు వేద్దాం. నక్షత్రమో, పుంగనూరు ఆవో, ఆరోగ్యవరం చెట్లో, ఎవరికి ఏది వస్తే అది. ఒక్కోటి ఒక్క రూపాయి. పాత విద్యార్థులు కొన్ని ఎక్కువ కొంటే కాదనం. వచ్చిన డబ్బుతో మన ఊళ్ళో మందులు వాడుతున్న వాళ్ళకు వేరుశనగలు, గుడ్లు, పప్పు కొనిద్దాం. క్రిస్మస్ చేసుకునేవాళ్ళూ, సంక్రాంతి చేసుకునేవాళ్ళూ, రంజాన్ చేసుకునేవాళ్ళూ కలిసి వేసిన బొమ్మలు అవి.

వెళ్ళిపోయిన ఆ మిత్రుడు ఎక్కడున్నా ఈ సంచిక చేరితే, మొదటి బొమ్మ అతనికే. దానికి రూపాయి అక్కర్లేదు.