దివాను ధర్మం – ప్రజాహితం

నిజాం రాజ్యం నడుమ, మద్రాసు రాజధానికి చెందిన చిన్న ద్వీపం వంటిది మునగాల పరగణా. దాని కేంద్రం నడిగూడెం. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1877 మే 18న కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, అక్క భండారు అచ్చమాంబ అండన నాగపూరులో విద్యనభ్యసించారు.

దివానుగా జమీందారు ఆదాయాన్ని కాపాడడం ఆయన ఉద్యోగధర్మం. ప్రజలకు విజ్ఞానం పంచడం ఆయన స్వయంగా స్వీకరించిన వ్రతం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు రాజా నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావులతో కలిసి కృషిచేశారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పారు. రాజావారి పోషణ లభించినా, మండలి సంస్థానపు శాఖగా మిగలక చందాదారుల ఆదరణతో వర్ధిల్లింది. దివాను కొలువు వేరు, ప్రజాసంస్థ వేరు.

కాని శిస్తు చెల్లించే రైతు, దానిని స్వీకరించే జమీందారు ప్రయోజనాలు పరస్పర విరుద్ధాలు. జమీందారు జీతం పుచ్చుకునే దివాను, వారి నడుమ తటస్థ న్యాయనిర్ణేత కావడం కష్టం. లక్ష్మణరావు 1923 జూలై 12న మరణించారు. 1930వ దశకంలో పరగణా రైతులు వెట్టిచాకిరిపై ఉద్యమించారు. గ్రంథాలయానికి చేయూతనిచ్చిన సంస్థానమే వారి నిరసనకు గురైంది. వ్యక్తుల సౌజన్యం వ్యవస్థలోని చిక్కును తీర్చలేదు.

నేడు పంచాయతీ పనుల కాంట్రాక్టులో స్వప్రయోజనం గలవారు ఆ పంచాయతీ సభ్యత్వానికి అనర్హులని చట్టం శాసిస్తున్నది. ఎంతటి సజ్జనునికైనా ఇద్దరు యజమానులను సమంగా సేవించడం దుష్కరమన్న ఎరుకే ఆ నియమానికి మూలం.