మందుల కొట్టులో చదువుకున్న శాస్త్రవేత్త

ఈసారి నేను కార్ల్ విల్‌హెల్మ్ షీలే గారి జీవితం రాస్తున్నాను.

షీలే గారు 1742 డిసెంబరు 9న స్ట్రాల్సుండ్‌లో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు జర్మనీలో ఉంది, అప్పుడు స్వీడన్ రాజ్యంలో ఉండేది. 11 మంది పిల్లల్లో ఆయన ఏడోవాడు. 14 ఏళ్ళకే ఇల్లు విడిచి గోథెన్‌బర్గ్‌లో ఒక మందుల కొట్టులో పనికి కుదిరారు. అంటే మన తొమ్మిదో తరగతి వయసు! కాలేజీకి పోలేదు. కొట్టులో ఉన్న పుస్తకాలు చదువుకుంటూ, పని చేసుకుంటూనే ప్రయోగాలు నేర్చుకున్నారు.

1774లో ఆయన నల్ల మాంగనీసు ఖనిజాన్ని మ్యూరియాటిక్ ఆమ్లంలో వేసి వేడి చేశారు. మన పుస్తకంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం అని ఉందే, అదే ఇది. పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగులో ఘాటైన వాయువు వచ్చింది. అది తగిలిన పువ్వులు, ఆకులు రంగు పోయి వెలిసిపోయాయి.

దానికి ఆయన పెట్టిన పేరు, ఫ్లోజిస్టన్ పోయిన మ్యూరియాటిక్ ఆమ్లం. ఏ వస్తువైనా మండితే అందులోంచి ఫ్లోజిస్టన్ బయటికి పోతుందని అప్పటివాళ్ళు నమ్మేవారు. నిజానికి అలాంటి పదార్థమే లేదు. తర్వాత లెవోయిజర్ పక్షంవాళ్ళు ఆ వాయువులో ఆక్సిజన్ ఉందన్నారు. అదీ కాదు. ఇంగ్లాండులో హంఫ్రీ డేవీ గారు బాగా కాల్చిన బొగ్గుతో పరీక్షించినా ఆక్సిజన్ రాలేదు. 1810లో ఆయన అది ఒక మూలకమని తేల్చి, దాని రంగును బట్టి క్లోరిన్ అని పేరు పెట్టారు.

క్లోరిన్‌ని నీళ్ళు చల్లిన సున్నానికి పట్టిస్తే బ్లీచింగ్ పౌడర్ అవుతుంది. మన ట్యాంకులో వేసేది అదే. నీళ్ళు వాసనొస్తున్నాయని మనం గొణుక్కుంటాం గానీ, మా గూడెంలో వానాకాలం వాగునీళ్ళు తాగి చంటిపిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ పౌడర్ వేస్తే నీళ్ళల్లో క్రిములు చస్తాయి.

షీలే గారు 1786 మే 21న కోపింగ్ అనే ఊళ్ళో 43 ఏళ్ళకే చనిపోయారు. క్లోరిన్ అనే మాట ఆయన విననే లేదు. ఆయన పెట్టిన పేరు నిలవలేదు గానీ, చూసింది చూసినట్టు రాశారు కాబట్టి ఆ పని నిలిచింది.

మా ఇంట్లో బడికొచ్చింది నేనే మొదలు. సైన్సు పుస్తకంలో పెద్ద పెద్ద పేర్లు నాకింకా నోరు తిరగవు. కానీ చూసింది చూసినట్టు రాయడం మనందరికీ వస్తుంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

– 9వ తరగతి విద్యార్థిని