రేచర్ల రుద్రుడు

తెలంగాణము పీఠభూమి. పడమట జహీరాబాదు ఎఱ్ఱనేలలు మొదలుకొని తూర్పున ములుగు అడవులవఱకు నేల మిట్టపల్లములుగా నుండును. వానకాలమున కురిసిన నీరు వాగులవెంట పరుగెత్తి నదులలో కలిసిపోవును. పోవుచు సారవంతమైన మన్నును గూడ కొనిపోవును. ఆ నీటిని నిలిపి నేలను రక్షించిన మహనీయులలో రేచర్ల రుద్రుడు ముఖ్యుడు.

రుద్రుడు కాకతీయుల సేనాని. క్రీ. శ. 1198 ప్రాంతమున కాకతీయ ప్రభువగు మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరాడి మరణించెను. ఆయన కుమారుడు గణపతిదేవుడు శత్రువులకు బందీ యయ్యెను. రాజు లేని రాజ్యమున అలజడులు చెలరేగెను. అట్టి విపత్కాలమున రుద్రుడు రాజ్యభారమును వహించి, అది చెదరిపోకుండ కాపాడెను. 1199లో గణపతిదేవుడు విడుదలయై వచ్చి సింహాసన మధిష్ఠించెను.

శత్రుభయము తొలగెను, కాని ప్రజలకు అన్నము కావలెను. రుద్రుడు ఓరుగల్లునకు సుమారు 70 కిలోమీటర్ల దూరమున, పాలంపేటయందు గొప్ప చెరువును కట్టించెను. అడవులతో నిండిన కొండలే దానికి సహజమైన గట్లు. కొండల నడుమనున్న ఖాళీని మాత్రము మట్టికట్టతో మూయించెను. కొండలపై చెట్లున్నంతకాలము మన్ను జారదు. మన్ను జారనంతకాలము చెరువు త్వరగా పూడదు. తూములగుండ వచ్చిన నీటితో దిగువ పొలములు పండెను. సమీపముననే 1213లో ఆయన రుద్రేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. అదియే నేటి రామప్పగుడి.

ఆ కాలమున చెరువులన్నియు రాజులే కట్టింపలేదు. సేనానులు, మంత్రులు, వర్తకులు తమ ధనమును ఇందుకు వెచ్చించిరి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించెను. చెరువు కట్టించి కాపాడువారికి దాని క్రింది భూమిలోనో, ఫలసాయములోనో సాధారణముగా పదవవంతు లభించెడిది. దీనిని దశబంధ మనిరి. కట్ట తెగినచో ఆ ఫలము దక్కదు. కావున ఏటేట పూడిక తీయుట, గండ్లు పూడ్చుట వారికి ధర్మమే కాక లాభము కూడ నయ్యెను.

తరువాతి కాలమున ఆలనాపాలన లేక ఎన్నియో చెరువులు పూడిపోయినవి. రామప్ప చెరువు మాత్రము ఎనిమిది శతాబ్దములు గడచినను పొలములకు నీరిచ్చుచునే యున్నది. రుద్రేశ్వరాలయమును 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వసంపదగా గుర్తించెను. శిల్పములను చూడవచ్చినవారు చెరువుకట్టపై గూడ క్షణకాలము నిలిచి చూడవలెను. ప్రకృతి యిచ్చినదానిని అనుభవించు వాడే దానిని కాపాడవలెనని రుద్రుని చెరువు నేటికిని మనకు బోధించుచున్నది.