పిండి సంచిలో భీమవరం డాక్టరు గారు

మన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరు కోపగించడంతో పూర్తి డిగ్రీ దక్కలేదు, ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్టే మిగిలింది. నాలాంటి డిప్లొమా వాళ్లకు ఆ బాధ తెలుసు.

1920ల మొదట్లో బోస్టన్ వచ్చి, ఆసుపత్రిలో రాత్రి పనిచేస్తూ చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల గుట్టు విప్పారు. కండరం కదలాలన్నా, నరం పనిచేయాలన్నా ఖర్చయ్యే శక్తి ఏటీపీయే. అయినా అక్కడ పర్మనెంటు కాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. కొత్త కణాలు పుట్టాలంటే అది కావాలి. గర్భంలో బిడ్డ మెదడు, వెన్నుపాము మొదటి నాలుగు వారాల్లోనే రూపం కడతాయి. అప్పుడు అది చాలకపోతే వెన్ను సరిగ్గా మూసుకోకపోవచ్చు. దానికి అడ్డుపడే మందు మెథోట్రెక్సేట్ కూడా ఆ ల్యాబుదే. మెదడులో దాగే లుకేమియా కణాల కోసం దాన్ని వెన్నులోకి ఎక్కిస్తారు.

సుబ్బారావు గారు ఇండియా మళ్లీ చూడకుండానే 1948లో న్యూయార్క్‌లో పోయారు.

1998 నుంచి అమెరికాలో ‘ఎన్‌రిచ్డ్’ అని రాసిన మైదాలో, బ్రెడ్డులో ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. గోధుమ ఆటాకు ఆ నిబంధన లేదు. ఫ్రిస్కోలో చపాతీలు తినే మన ఆడపడుచులు బిడ్డను అనుకోకముందే డాక్టర్ని అడిగి, రోజూ 400 మైక్రోగ్రాముల మాత్ర మొదలుపెట్టడం మంచిది.