నాదరహస్యము నెరిగిన వైద్యుడు

ఇండ్లలో సంగీతము వినిపించు లౌడ్‌స్పీకరు పెట్టెలు కొన్నిటికి ఒక గుండ్రని రంధ్రము కనబడును. అది అలంకారము కాదు; మంద్రస్వరములకు బలము నిచ్చు ద్వారము. దాని తత్త్వమును వివరించినవాడు, లౌడ్‌స్పీకరు వాడుకలోనికి రాకమునుపే గతించిన జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్.

అతడు 1821లో పోట్స్‌డాం నగరమున ఒక ఉపాధ్యాయుని ఇంట జన్మించెను. భౌతికశాస్త్రమన్న అతనికి మిక్కిలి మక్కువ. కాని తండ్రి జీతము ఆ చదువునకు చాలకపోయెను. అందుచే సైన్యమున వైద్యుడుగా పనిచేయు నియమముపై ప్రభుత్వము చెప్పించు వైద్యవిద్యను బెర్లినులో అభ్యసించెను. కోరని ఆ చదువే అతనికి దారి చూపెను. కండరములలో వేడి పుట్టు తీరును పరిశీలించి, 1847లో శక్తి నిత్యత్వ నియమమును ప్రతిపాదించెను. 1851లో కంటి లోపలి భాగమును చూచుటకు ఒక పరికరమును ప్రకటించెను. పిమ్మట చెవి అతని దృష్టి నాకర్షించెను.

కలగలుపు ధ్వనిలోని స్వరములను వేరుపరచి వినుటకై అతడు మెడ గల బోలు గోళములను వాడెను. మెడలోని గాలి బరువువలెను, లోపలి గాలి స్ప్రింగువలెను వర్తించును. గోళపు పరిమాణమును, మెడ కొలతలను బట్టి అది ఒక్క స్వరమునకే గట్టిగా అనునాదము చేయును. ఖాళీ సీసా మూతిపై ఊదిన పిల్లలకు ఈ నాదము పరిచితమే. ఈ పరిశోధనలు 1863లో గ్రంథరూపమున వెలువడెను. చిన్ననాడు కోరిన భౌతికశాస్త్రమున ఆచార్యపదవి 1871లో బెర్లినులో లభించెను. 1894లో అతడు కన్నుమూసెను.

1930లో బెల్ ప్రయోగశాలల ఇంజనీరు ఆల్బర్ట్ థురాస్ ఈ తత్త్వమును లౌడ్‌స్పీకరు పెట్టెలో నుపయోగించి పేటెంటు కోరెను. కోను ముందునకు కదలినపుడు దాని వెనుక గాలి పలుచబడును. అందుచే వెనుకటి తరంగము ముందటిదానికి విరుద్ధము. రెండును సూటిగా కలిసినచో మంద్రస్వరము క్షీణించును. పెట్టెయు, రంధ్రపు గొట్టమును కలిసి హెల్మ్‌హోల్ట్జ్ గోళమువలె పనిచేసి, వెనుకటి తరంగమును మార్చి ముందటిదానికి తోడుగా పంపును. శ్రుతి కుదిరిన చోట కోను స్వల్పముగనే కదలును; నాదములో అధికభాగము రంధ్రమునుండి వచ్చును. ఆ శ్రుతికి బాగుగ దిగువను ఈ పొత్తు నిలువదు. తరంగములు మరల ఒకదాని నొకటి అణచుకొనును. కోను మితిమీరి ఊగును.

రంధ్రము శక్తిని సృష్టింపదు. వృథాగా పోవుదానిని వినియోగమునకు తెచ్చును. లేమివలన చేపట్టిన వైద్యవిద్యను హెల్మ్‌హోల్ట్జ్ వృథా పోనీయలేదు. కంటిని, చెవిని శోధించు ఆ విద్యతోడనే తాను కోరిన శాస్త్రమును చేరుకొనెను.