రాబర్టు మాలెట్

ఇల్లు కట్టదలచినవాడు ముందుగా గునపముతో పొడిచి నేల గట్టిదో గుల్లదో చూచును. నేలలో నడచు కంపమును బట్టియు ఆ సంగతి కొంత తెలియవచ్చును. ఆ కంపపు వేగమును మొదట కొలిచినవాడు రాబర్టు మాలెట్.

ఈయన 1810 జూన్ 3వ తేదీన ఐర్లండులోని డబ్లిను నగరమున జన్మించెను. తండ్రికి ఇనుప పోత కర్మాగార ముండెను. ట్రినిటీ కళాశాలలో 1830లో పట్టము నొంది, తండ్రి వ్యాపారముననే ప్రవేశించెను. భూకంపమనగా నేలలో సాగిపోవు తరంగమే యని 1846లో రాయల్ ఐరిష్ అకాడమీ యెదుట వాదించెను. అయితే వాదముతో తృప్తి నొందు మనిషి కాడు.

1849లో కిలినీ సముద్రతీరమున ఇసుకలో తుపాకిమందు పాతి పేల్పించెను. కుమారుడు జాన్ తోడుపడెను. సుమారు అర మైలు దూరమున ఒక పాత్రలో పాదరస ముంచి, అందు ప్రతిబింబించిన సన్నని గీతలను కనిపెట్టి చూచుచుండిరి. అవి చెదరిన క్షణమే కంపము చేరిన క్షణము! పరికర మింత సులువైనదగుట ముచ్చట గొలుపును. తడి ఇసుకలో వేగము సెకండునకు 825 అడుగులు. డాల్కీ ద్వీపమున బీటలువారిన గ్రానైటు రాతిలో 1306, గట్టి రాతిలో 1665 అడుగులు తేలెను. ఇంకను హెచ్చుగా నుండునని ఆయన యెదురుచూచెను; రాతి బీటలే కంపమును అడ్డగించినవని తలచెను. పాదరసము తొలి సన్నని వణకును పట్టలేకపోయినదని తరువాతివారి సున్నితమైన పరికరములు చూపినవి. అంకెలు నిలువలేదు గాని, గట్టిదానిలో వేగముగను మెత్తనిదానిలో మందముగను కంపము నడచునను క్రమము నిలిచినది.

1857 డిసెంబరు 16న నేపుల్సు రాజ్యమున భూకంపము వచ్చి పదివేలమందికి పైగా మరణించిరి. రాయల్ సొసైటీ యిచ్చిన 150 పౌనులతో మాలెట్ చలికాలమున ఆ కొండపల్లెలు తిరిగెను. కూలిన గోడల బీటలను బట్టి కంపము వచ్చిన దిక్కును లెక్కకట్టి, 1862లో రెండు సంపుటముల నివేదిక ప్రకటించెను. సీస్మాలజీ యను పేరును ఈయన పెట్టినదే.

నేడు పెద్ద కట్టడములకు పునాది తీయుటకు ముందు, నేలను సమ్మెటతో గొట్టి, వరుసగా నాటిన గ్రాహకములతో కంపమును పట్టుదురు. నేలను ప్రక్కకు ఊపు తరంగము నీటిలో నడవదు. కావున తడినేలలో సయితము మట్టి రేణువుల పట్టునే తెలుపును. ఆ వేగమును అంతతోడనే హెచ్చించి, నేల సాంద్రతతో మరల హెచ్చించినచో నేల బిగువు వచ్చును. వేగము సగమైనచో బిగువు నాల్గవవంతే. అయినను బిగువు వేరు, బరువు మోయు సత్తువ వేరు. రెండవది బిగువును బట్టి అంచనా వేయవలసినదే గనుక, బోరు వేసి మట్టిని పరీక్షించుట మానలేదు.

మాలెట్ 1861లో లండనునకు మారెను. తుది సంవత్సరములలో చూపు కోల్పోయి, 1881 నవంబరు 5న అచ్చటనే మరణించెను.