విలియం విథరింగు

విలియం విథరింగు 1741వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి వెల్లింగ్టను పట్టణమున జన్మించెను. ఎడింబరోలో వైద్యము నభ్యసించి 1766లో పట్టము నందెను. పిదప బర్మింగుహామున స్థిరపడి, ప్రతిదినము కొంతసేపు పేదలకు ఉచితముగా చికిత్స చేయుచుండెను.

ఒడలెల్ల నీరుపట్టి యుబ్బు వ్యాధికి పల్లెటూరి ముసలమ్మ యొకతె రహస్యముగా మందిచ్చుచుండెను. 1775లో దానినిగూర్చి విథరింగు నభిప్రాయ మడిగిరి. అందు ఇరువది మూలికలకు తక్కువ లేవు. వృక్షశాస్త్ర మెరిగిన యతడు, గుణమిచ్చునది ఊదారంగు గంటలవంటి పూలు పూయు ఫాక్సుగ్లవ్ మొక్కయే యని గ్రహించెను.

కాని అది విషపుమొక్క! మొదట నిచ్చిన మోతాదు లెక్కువై రోగులు వాంతులతో బాధపడిరి. అందుచే నతడు ఆకును పూతకాలమున కోసి, ఎండించి, పొడిచేసి, కొద్దికొద్దిగా నిచ్చుచు, మూత్రము ధారాళమైనను, వాంతి వచ్చినను, నాడి మందగించినను వెంటనే మాన్పవలెనని నిర్ణయించెను. పదేండ్ల యనుభవమును 1785లో గ్రంథముగా ప్రకటించెను. అందు నయముకానివారి వృత్తాంతములను గూడ దాచలేదు. నాకు మిక్కిలి గొప్పగా తోచున దిదియే.

విథరింగు 1799లో మరణించెను. ఆ జాతి మొక్కనుండి తీయు డిగాక్సిన్ అను మందును నేటికిని గుండెజబ్బులకు వాడుచున్నారు. దాని నిచ్చుటకు ముందు నర్సు విద్యార్థిని నిండు నిమిషము గుండె చప్పుళ్లను లెక్కించును. పెద్దలకు అవి 60కి తగ్గినచో మాత్ర నీయక వైద్యునకు తెలుపును.